పుట్టబోవు బిడ్డ జాతకము

రాబోవు దానిని ముందుగా తెలిసికొనగోరుట మానవునకు సహజము. బిడ్డ నేలబడిన గడియను వ్రాసికొని సిద్ధాంతిగారి యొద్దకు పోవుట మన యిండ్లలో నేటికిని కలదు. మేమును సంస్కృతము చదువు దినములలో పంచాంగము చూడ నేర్చి, తరువాత దానిపై నమ్మకము విడిచినవారము. అట్టి మాకే బిడ్డ పుట్టకముందు దాని జాతకము చదువవలసిన పని తటస్థించినది. ఆ జాతకము ఆంగ్లమున నుండెను.

2021వ సంవత్సరము కార్తిక మాసమున మా చెల్లెలి కూతురు తొలిచూలు గర్భవతి. అయిదవ నెల నడచుచుండెను. స్కానింగు చేసిన వైద్యురాలు చాలసేపు తెరవంక చూచి, మాటలు తగ్గించి, హైదరాబాదులోని యొక నిపుణునకు చీటి వ్రాసి పంపినది. ఇంటిలో ఆంగ్లము బాగుగా వచ్చినవారమని ఆ కాగితములు మా చేతికి వచ్చినవి. శిశువు మూత్రాశయము మిక్కిలి యుబ్బియున్నదనియు, దాని క్రింది దారి తాళపుచెవి దూరు రంధ్రమువలె కనబడుచున్నదనియు, మూత్రపిండములు రెండును వాచియున్నవనియు, ఉమ్మనీరు తగ్గియున్నదనియు వానిలో వ్రాసియుండెను.

మేము వైద్యులము కాము. ఆ వారము రాత్రులు చదివియు, నిపుణుని అడిగియు తెలిసికొన్నదానినే యిచట చెప్పుచున్నాము. గర్భస్థ శిశువు మూడవ నెలలోనే మూత్రమును తయారుచేయ మొదలుపెట్టును. నాల్గవ నెల దాటిన పిమ్మట ఉమ్మనీటిలో అధికభాగము ఆ మూత్రమే. ఆ నీరు చాలినంత యున్నప్పుడే ఊపిరితిత్తులు సరిగా పెరుగును. మూత్రము వెడలు దారిలో పలుచని పొర కవాటమువలె అడ్డుపడుట యీ రోగమునకు ముఖ్యమైన కారణములలో నొకటి. బాల్టిమోరు నగరమున హ్యూ హాంప్టన్ యంగ్ అను వైద్యుడు 1919లో ఈ కవాటములను వర్గీకరించి వ్రాసెను. తూము పూడిన చెరువు ఎగువ పొలములను ముంచునట్లు, వెడలలేని నీరు వెనుకకు తన్ని, పెరుగుచున్న మూత్రపిండములను చెరచును. మన సుశ్రుతుడు మూత్రాఘాతమును పండ్రెండు విధములుగా చెప్పెను గాని, తల్లి కడుపులోని బిడ్డకు కలుగు అడ్డును కంట చూచు సాధనము ఆ కాలమున లేదు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డు మొదలగువారు 1958లో ధ్వనితరంగములతో కడుపులోని చిత్రములను ప్రకటించిన తరువాతనే ఆ దారి తెరవబడినది.

చూచుట సాధ్యమైనది, చెప్పుట మాత్రము కష్టముగనే యున్నది. పుట్టినవారి మూత్రపిండములెట్లు పనిచేయుచున్నవో రక్తములోని క్రియాటినిన్ అను మలినపదార్థము తెలుపును. గర్భములోని బిడ్డ విషయమున ఆ కొలత పనికిరాదు. మాయ ద్వారా ఆ మలినము తల్లి రక్తములోనికి పోవును. తల్లి మూత్రపిండములే దానిని వెడలగొట్టును. బిడ్డ అప్పును తల్లి తీర్చుచుండగా బిడ్డ దివాలా యెవ్వరికి తెలియును?

అందుచేత వైద్యులు వేరొక దారి వెదకిరి. ఆరోగ్యముగల మూత్రపిండము ఉప్పును లోనికి తిరిగి తీసికొనును గనుక, శిశువు మూత్రము పలుచగా నుండును. చెడిన మూత్రపిండము ఉప్పును విడిచివేయును. సన్నని సూదితో శిశువు మూత్రాశయమునుండి నీరు తీసి, సోడియము లీటరునకు 100 మిల్లీయీక్వివలెంట్లు దాటినచో చెడుగు యని అమెరికా వైద్యులు 1985లో హద్దు కట్టిరి. మొదట తీసిన నీరు నిలువనీరు. ఒకటి రెండు దినముల తరువాత మరల తీసినదే నిజము చెప్పును. కాని 2007లో అంతవరకు జరిగిన పరిశోధనలనెల్ల కలిపి చూచినవారు, ఏ యొక్క కొలతయు నమ్మదగినంత గట్టిగా భవిష్యత్తును చెప్పజాలదని తేల్చిరి.

చిన్న గొట్టముతో మూత్రమును ఉమ్మనీటిలోనికి మళ్లించు చికిత్సయు కలదు. బ్రిటను మొదలగు దేశములలో దీనిని పరీక్షింపబూనగా 31 మంది తల్లులే చేరిరి. 2013లో వెలువడిన ఫలితములనుబట్టి, గొట్టము పెట్టిన 16 మంది శిశువులలో 8 మందియు, పెట్టని 15 మందిలో 4 గురును నెలదాక బ్రదికిరి. రెండేండ్లు నిండునప్పటికి మూత్రపిండములు సరిగా నున్నవారు ఇద్దరే.

ఇంతవరకు చదివి, మేము చేసిన పనిని సిగ్గుతో చెప్పుకొనుచున్నాము. మా బావగారిని, అల్లుని వీథి అరుగుమీద కూర్చుండబెట్టి సంగతి యంతయు వివరించితిమి. లోపలి గదిలో పరుండియున్న పిల్లకు మాత్రము "కొంచెము నీరు తక్కువ, భయము లేదు" అని చెప్పి ఊరకుంటిమి. స్త్రీవిద్యనుగూర్చి సభలలో ఎన్నిమారులో ఉపన్యసించిన నోరే ఆ మాట పలికినది.

మరునాడు ఆమె యత్తగారు మమ్ము ప్రక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, మీరు చదువుకొన్నవారు. మగబిడ్డయో ఆడబిడ్డయో కనుగొనుడు. మగబిడ్డయైనచో ఎంత కష్టమైనను నిలుపుకొందము. ఆడపిల్లయైనచో ఈ యాతన యెందులకు?" అనెను. సిద్ధాంతిగారు అప్పటికే మగబిడ్డ, పూర్ణాయుష్షు అని చెప్పియున్నారట. ఆమెకు రెండవ సాక్షి కావలసివచ్చెను.

చదువరులారా, ఆ ప్రశ్న మమ్ము చాల బాధించినది. కవాటములు మగశిశువులకే వచ్చును. ఆడశిశువులలో ఇతర కారణములచేత అడ్డు కలుగుట అరుదు. మేమొక్క మాట చెప్పినచో ఆ యింట తగవు తీరియుండును, గర్భము నిలిచియుండును. చెప్పలేదు. 1994 నాటి చట్టము ప్రకారము వైద్యుడు చెప్పరాని దానిని, వైద్యము తెలియని మేము గ్రంథములు చూచి చెప్పుట మొదటి తప్పు. మగబిడ్డ గనుక బ్రదుకనిండు అనుట, ఆడబిడ్డయైనచో అక్కరలేదని ఒప్పుకొనుటయే గదా; అది అంతకంటె పెద్ద తప్పు. "చెల్లెమ్మగారూ, ఆ మాట నన్నడుగవద్దు. అడుగవలసినది మీ కోడలిని, అదియు వేరొక ప్రశ్న" అని మాత్రము చెప్పి, లోపలికి పోతిమి.

పిల్ల మేల్కొనియే యున్నది. "మామయ్యా, కాగితములు నాకును చదువవచ్చును. మీరు చెప్పుదురేమోయని చూచితిని. మోయుచున్నది నేను గదా!" అనెను. మాకు తల యెత్త వీలుకాలేదు. ఆమె ప్రక్కన కూర్చుండి పుట ఒక్కటియు దాటక చదివి చెప్పితిమి. 2021లో సవరింపబడిన చట్టము గర్భమును విడుచుకొనుటకు ఎంతవరకు వీలిచ్చుచున్నదో అదియు దాచలేదు. ఆమె చివర అడిగినది ఒకటే: "బిడ్డ ఊపిరి పీల్చునా?"

ఆ ప్రశ్ననే నిపుణునకు వేసినది. ఆయన "నీరు ఈ మాత్రమైన నిలిచినచో ఊపిరితిత్తులపై ఆశ పెట్టుకొనవచ్చును. మూత్రపిండముల సంగతి, పుట్టి యేడాది గడచువరకు నేను గాదు, ఎవ్వరును గట్టిగా చెప్పలేరు" అనెను. రెండుమారులు నీరు తీసిరి. రెండవమారు ఉప్పు తగ్గినది గాని హద్దునకు చేరువలోనే యుండెను. ఆమె బిడ్డను నిలుపుకొనుటకు నిశ్చయించుకొన్నది. ఆ నిశ్చయము ఆమెది. వేరొక విధముగ నిశ్చయించుకొన్నను మేము ఆమె ప్రక్కనే నిలువవలసినవారము.

2022 ఉగాదికి వారము ముందు మగబిడ్డ పుట్టి గట్టిగా ఏడ్చెను. వెంటనే సన్నని గొట్టము పెట్టి మూత్రము దింపిరి. కొన్ని దినములకు లోపలి దారిని చూచు సాధనముతో ఆ పొరను ఛేదించిరి. తొలిదినముల రక్తపరీక్షలో కనబడునది తల్లి క్రియాటినినే. అటుపిమ్మట తొలియేట అది దిగిన కనిష్ఠపు కొలతను వైద్యులు శ్రద్ధతో చూతురు. డెసిలీటరునకు 0.8 మిల్లీగ్రాములకు లోబడినచో మంచి గుర్తు. 1 దాటినచో భయము. మా పిల్లవానిది 0.9 వద్ద ఆగినది. ఇటును గాదు, అటును గాదు.

మూడేండ్లు నిండినవి. వాడు పరుగులిడుచున్నాడు, మా కండ్లజోడు రెండుమారులు విరుగగొట్టినాడు. రక్తపోటు, రక్తపరీక్ష, మందులు విడువరాదు. యౌవనమున దేహము పెరుగునప్పుడు ఆ మూత్రపిండములు చాలకపోవచ్చును, చాలవచ్చును.

సిద్ధాంతిగారి మాట ఫలించినదని అత్తగారు నేటికిని సంతోషించుచున్నారు. మేము వాదింపము. ఆ మాటవలన చేయవలసిన పని యేదియు తెలియలేదు. "తెలియదు" అన్న వైద్యుని మాటవలన ఎప్పుడేమి చూడవలెనో, దేనికి సిద్ధపడవలెనో తెలిసినది. తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదనుట బడిపిల్లలకు మేము ఇరువదియేండ్లుగా బోధించుచున్న పాఠమే. ఇంటి ఆడుబిడ్డకు దానిని చెప్పవలసివచ్చినప్పుడు మేము తప్పితిమి. అట్టి కాగితములు చేతికి వచ్చిన వారు అరుగుమీద గాక, లోపలి గదిలో వానిని మొదట చదువుదురు గాక యని మా మనవి.