డ్యాష్‌బోర్డు మీద వేసిన అంజనం

మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరి వస్తువైనా పోతే అంజనం వేయించేవారు. తమలపాకు మీద కాటుక లాంటిది రాసి, ఓ చిన్నపిల్లాడి చేత అందులోకి చూపించి, దొంగ ఎవరో చెప్పించడం. ఇంటివాళ్లకి ఎవరి మీద అనుమానం ఉందో ఆ మనిషే ఆకులో కనిపిస్తాడని మనం చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నాం. అరవై దాటాక నేనూ ఓ అంజనం వేశాను. తమలపాకు మీద కాదు, కారు డ్యాష్‌బోర్డు మీద. నలుగురి సంగతులూ రాసేవాణ్ణి, నాది దాచుకోవడం న్యాయం కాదు కదా, అందుకే ఇది రాస్తున్నాను.

నేను చదివింది బి.కాం. ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లోనే గడిచింది. రిటైరయ్యాక నోయిడాలో ఉంటున్నాం. 2012లో కొన్న పెట్రోలు కారు ఉంది. 2024 చలికాలంలో దాని ఫ్యూయల్ పంపు పోయింది. మెకానిక్ "దాదాపు అదే ధరకి ఇంకా ఎక్కువ కెపాసిటీ ఉన్న పంపు వస్తుంది సాబ్, వేసేస్తాను" అన్నాడు. సరేనన్నాను. అప్పటికి మా ఆవిడకి మోకాలి ఆపరేషను అయింది. వారానికి మూడు రోజులు ఢిల్లీ వెళ్లి ఫిజియోథెరపీ చేయించుకోవాలి. నాకేమో కంట్లో శుక్లం తీశారు, కొన్నాళ్లు బండి నడపొద్దన్నారు. అందుకని ఓ డ్రైవరుని పెట్టుకున్నాం.

కొత్త పంపు వేసిన వారంలోనే పెట్రోలు తగ్గిపోతున్నట్టు అనిపించింది. పాత అలవాటు కొద్దీ ఓ నోటుబుక్కు పెట్టాను. పొద్దున తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా ముల్లు ఎక్కడుందో రాసుకునేవాణ్ణి. సాయంత్రం బండి గేటులోకి రాగానే, డ్రైవరు ఇంకా ఇంజను ఆపకముందే, కిటికీలోంచి తొంగి చూసి మళ్లీ రాసేవాణ్ణి. రానూ పోనూ నలభై కిలోమీటర్లు, ఎంత ట్రాఫిక్కున్నా మూడు లీటర్లు మించకూడదు. నా లెక్కలో తొమ్మిది పోతున్నాయి! మూడు ట్రిప్పులూ అంతే.

"ముల్లు కిందకీ పైకీ అవుతోంది సాబ్, ఓసారి చూపించండి" అని అతను ముందే ఒకసారి చెప్పాడు. నాకది సాకులా వినిపించింది. మూడో రోజు సాయంత్రం నోటుబుక్కు అతని ముందు పెట్టి అడిగాను. వాదించలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మిగిలిన జీతం కూడా అడగలేదు. తప్పు చేశాడు కాబట్టే అడగలేదని నేను తీర్మానించుకుని, మా అపార్టుమెంటులో ఇద్దరు ముగ్గురికి జాగ్రత్త కూడా చెప్పాను. మా ఆవిడ మాత్రం "ముల్లు చెప్పిందని మనిషిని దొంగని చేశారు" అంది.

ఆ మాట గుచ్చుకుని, రాత్రి నిద్రపట్టక నోటుబుక్కు మళ్లీ తెరిచాను. మొదటి సాయంత్రం పావు. మర్నాడు బండి బయటికే వెళ్లలేదు. ఆ మర్నాటి పొద్దున చూస్తే దాదాపు సగం! ఒక్క చుక్క పోయించకుండా ట్యాంకులో పెట్రోలు ఎలా పెరిగింది? ఒక రోజు క్లోజింగు బ్యాలెన్సు తర్వాతి రోజు ఓపెనింగుతో కలవాలన్నది గుమాస్తా ఉద్యోగంలో మొదటి పాఠం. కలవని పద్దులు ఎన్నింటిని వెనక్కి కొట్టానో నాకే గుర్తులేదు. ఇక్కడ మాత్రం అడ్డంగా ఉన్న వరుసే చదివాను, కిందకి చదవలేదు. నాకు కావలసిన జవాబు అడ్డవరుసలోనే దొరికింది మరి.

తెల్లవారగానే ఓ పరీక్ష చేశాను. తాళం తిప్పితే ముల్లు సగం దగ్గర నిలిచింది. ఇంజను స్టార్టు చేశాను. ఒక నిమిషంలో మెల్లగా పావుకి దిగింది. ఆపి మళ్లీ తాళం తిప్పితే మళ్లీ సగం! బండి గజం కూడా కదల్లేదు.

ఈసారి వేరే ఎలక్ట్రీషియన్ని పిలిచాను. వెనక సీటు తీసి, మల్టీమీటరు పెట్టి అతను చూపించింది ఇదీ. నా కారులో పంపూ, పెట్రోలు మట్టం కొలిచే తేలే బొండూ ఒకే అసెంబ్లీలో ఉంటాయి. రెండింటికీ ఎర్తు వైరు ఒక్కటే. బొండు కిందకి దిగేకొద్దీ దాని రెసిస్టెన్సు పెరుగుతుంది, పెరిగితే ముల్లు తగ్గిస్తుంది. పంపు మార్చినప్పుడు ఆ ఎర్తు జాయింటు వదులైంది. కొత్త పంపు తీసుకునే కరెంటు ఆరు ఆంపియర్లు, ఆ జాయింటు రెసిస్టెన్సు 0.3 ఓమ్. జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం గుణిస్తే 1.8 వోల్టులు. పంపు తిరుగుతున్నంతసేపూ ఆ వోల్టేజి బొండు లెక్కలో కలిసిపోయి, ఉన్న పెట్రోలుని తక్కువ చేసి చూపిస్తోంది. తాళం తిప్పి వదిలేస్తే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, అప్పుడు ముల్లు నిజం చెబుతుంది. అంటే నా ఓపెనింగు స్టాకు ఒక పద్ధతిలో, క్లోజింగు స్టాకు ఇంకో పద్ధతిలో కట్టి, తేడాని దొంగతనం ఖాతాలో రాశానన్నమాట.

ఆ కనెక్టరు ప్లాస్టిక్ వేడికి గోధుమరంగుకి తిరిగి ఉంది. అదీ పెట్రోలు ట్యాంకు మీద! ముల్లు చేస్తున్న హెచ్చరిక అది. నేను దాన్ని ఒక మనిషి మీదకి తిప్పాను.

జాయింటు కొత్తగా వేయించాక ముల్లు కదలడం మానేసింది. అయినా ముల్లునే మళ్లీ సాక్షిగా పిలవడం ఇష్టం లేక, బంకులో ఆటో కటాఫ్ దాకా నింపించి, రెండు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ అక్కడే నింపించాను. 13.7 లీటర్లు పట్టింది, లీటరుకి 14.6 కిలోమీటర్లు. బంకు కొలత మీద కూడా అనుమానం వస్తే, ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని మనం అడగవచ్చు, ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా తేడా చట్టం ఒప్పుకుంటుంది. మనిషిని అనుమానించడానికి ముందు చేయాల్సిన పనులు ఇవన్నీ. నేను చేసింది ఆ తర్వాత.

ఖోడా కాలనీలో అతని గది వెతుక్కుంటూ వెళ్లి, మిగిలిన జీతం ఇచ్చి, తప్పు నాదని చెప్పాను. అపార్టుమెంటులో ఎవరెవరికి చెప్పానో వాళ్లందరికీ మళ్లీ చెప్పాను. లెక్కల్లో తప్పు పద్దు చెరిపేయకూడదు, దాని కింద సవరణ పద్దు రాయాలి, అది అందరికీ కనపడాలి. అతను మళ్లీ మా దగ్గర పనికి రాలేదు, వేరేచోట కుదిరాడట. జీతం మాత్రం లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి ఒక్కటే అడిగాడు: "బండి బాగైందా సాబ్?"

బాగైందని చెప్పాను.