బండికి రూపు గీయువారు

మోటారుబండిని గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. బండి నెక్కి దిగుటవరకే మన పనియనియు, దాని రూపురేఖలు పురుషుల వేడుకయనియు మనలో పలువు రనుకొందురు. కాని యందు కూర్చుండువారము మనము గూడ గదా! చీరకుచ్చెళ్లు తలుపులో పడి నలిగినపుడును, ఒడిలో బిడ్డను, కాళ్లకడ పండ్లబుట్టను పెట్టుకొని మోకాళ్లు ముడుచుకొన్నపుడును, దీనిని గీసినవా డెవడో ఆడువారిని తలచుకొన్నవాడు కాడని నే నెన్నియోసారు లనుకొంటిని. ఆ గీయువా డెవడు, ఏమి కోరి గీయును అను ప్రశ్న యీ నడుమ మా యింటనే పుట్టినది. మా యమ్మాయి బండ్లకు రూపు గీయు విద్య నేర్తునని పట్టుపట్టినది. అందుచే నేనును కొంత చదివితిని. అట్లు చదివినవానిలో నా మనసున నిలిచినది అలెక్ ఇసిగోనిస్ కథ.

ఆయన 1906లో స్మిర్నా పట్టణమున జన్మించెను. నేడది తుర్కీదేశములోని ఇజ్మీరు. తండ్రి గ్రీకు జాతివాడు, బ్రిటిషు పౌరుడు. తల్లి హుల్దా జర్మను వంశపు స్త్రీ. 1922లో యుద్ధము పట్టణముమీదికి రాగా వారు సర్వమును విడిచి బ్రిటిషువారి యోడలో మాల్టాద్వీపము చేరిరి. అటుపిమ్మట తండ్రి గతించెను. తల్లియు కుమారుడును ఇంగ్లండు చేరి క్రొత్తగా కాపురము మొదలిడిరి. చిన్నవాడు బాటర్సీ పాలిటెక్నిక్కులో చేరి గణితములో మూడుమారులు తప్పెను. చేయి మాత్రము బొమ్మ గీయుటలో ఆరితేరినది. ఆ దినములలోనే తల్లీకొడుకులు చిన్నబండిలో ఐరోపాయాత్ర వెడలిరి. బండి దారిపొడవున చెడుచుండెను, అతడు బాగుచేయుచుండెను. తరగతిలో పట్టుబడని చదువు బాటప్రక్కను పట్టుబడినదని నా యూహ. తరువాత జార్జి డౌసన్ అను స్నేహితునితో గూడి, తీరిక దొరికినపుడెల్ల, తన చేతులతోనే యొక పందెపుబండిని కట్టెను. దానికి ఏండ్లు పట్టినవి. ఎవరును కట్టుమనలేదు, జీతమును లేదు. పట్టుదల యన నిదియే గదా!

1948లో వెలువడిన మోరిస్ మైనరు ఆయన రూపొందించినదే. పని దాదాపు ముగిసిన పిదప బండి మరీ సన్నముగా నున్నదని ఆయనకు తోచెను. నమూనాబండిని నిలువున రెండుగా కోయించి, ఆ చెక్కలను మెల్లగా ఎడము చేయించి చూచెను. 4 అంగుళముల యెడమున కంటి కింపైనది. అప్పటికే తయారైన బంపరులను సైతము కోసి నడుమ అతుకు వేయవలసివచ్చెను. బిగుతైన రవికకు ప్రక్కను పట్టీ వేసి వదులు చేసికొను మనకు ఈ పని తెలియనిదా! దానిని చూచి కంపెనీ యజమానియగు నఫీల్డు ప్రభువు నీళ్లలో ఉడికించిన గ్రుడ్డువలె నున్నదని వెక్కిరించెనట. ఆ గ్రుడ్డే పది లక్షలు దాటి అమ్ముడుపోయినది. మన దేశమున గూడ కొంతకాలము ‘బేబీ హిందుస్థాన్’ అను పేర తిరిగినది.

1956లో సూయజు కాలువ తగవుచే ఇంగ్లండులో పెట్రోలుకు కరవు వచ్చెను. చిన్నబండి కావలెనని ఆయనకు పని యొప్పగించిరి. 10 అడుగుల బండిలో నలుగురు సుఖముగా కూర్చుండవలెను! ఇరుకు వంటయింట రోలును జరిపి చోటు చేసికొనునట్లు, ఆయన ఇంజనును అడ్డముగా త్రిప్పి, గేరులపెట్టెను దాని క్రిందనే నూనెతొట్టిలో నిమిడ్చెను. చక్రములు 10 అంగుళములవే. తలుపు అద్దములు ప్రక్కకు జరుగునట్లు అమర్చుటచే తలుపు లోపల చోటు మిగిలినది. అది పెద్ద సంచి యైనది. సంత చేసివచ్చు గృహిణికి అది ఎంత యుపకారమో చెప్పవలెనా! 1959లో ఆ మినీబండి వెలువడెను. మొదటి బండ్లలో వాన వచ్చిన నేలపైకి నీరు కారుచుండెను. పైగా మెత్తని పీటలు, రేడియోలు ఆయనకు గిట్టవు. సుఖముగా కూర్చున్నచో నడుపువాడు ఏమరునట! ఇది మాత్రము నాకు నచ్చలేదు. నడుము నొచ్చువారి మాట యేమి? అయినను 2000వ సంవత్సరమువరకు ఆ బండ్లు 53 లక్షలకు పైగా తయారైనవి.

గణితము రానివానికి ఇది యెట్లు సాధ్యమని మా వారడిగిరి. లెక్కలు వేయువారు ఆయన వెంట నుండిరి. రబ్బరు స్ప్రింగులు అలెక్స్ మౌల్టన్ కల్పించినవి. ఇసిగోనిస్ చేతితో గీసి యిచ్చును, వారు కొలతకు తెత్తురు. మూడుమారులు తప్పిన ఆయననే 1967లో రాయల్ సొసైటీ సభ్యునిగా నెన్నుకొన్నది. ఆయన పెండ్లి చేసికొనలేదు. తల్లి 1972లో గతించువరకు ఆయనతోనే నుండెను.

“అది పురుషుని కథ. ఆడుపిల్లకు ఈ చదువు అన్నము పెట్టునా?” అని మా వారి రెండవ ప్రశ్న. దానికి నేను హెలెన్ రోథర్ పేరు చెప్పితిని. జర్మనుల చేతబడిన ఫ్రాన్సును విడిచి, చిన్నకూతురిని వెంటబెట్టుకొని, 1941లో న్యూయార్కు చేరిన స్త్రీ యామె. 1943లో జెనరల్ మోటార్సులో చేరి బండ్ల లోపలి బట్టలకు, రంగులకు, పీటలకు రూపు దిద్దెను; పిదప సొంత కార్యాలయము తెరచి నాష్ బండ్లకు పనిచేసెను. కూతురిని పోషించినది ఆ గీతలే. వారు చాలసేపు మాటాడలేదు. మరునాడు గాంధీనగరమునందలి జాతీయ రూపకల్పనా సంస్థ ప్రవేశపరీక్షకు రుసుము తామే కట్టిరి.

పరీక్షకై అమ్మాయి గీసిన బండి బొమ్మను మా యత్తగారు కన్నుల దగ్గర పెట్టుకొని చూచిరి. “మా పుట్టింటి గూడుబండికి వెనుక మెట్టుండెడిదే. దీనికేదీ? నావంటిది ఎట్లెక్కును?” అనిరి. అమ్మాయి మారుమాటాడక రబ్బరు తీసికొని తలుపు క్రింది గీతను చెరపసాగినది.