ఏ సినిమాలోదీ కాని పాటలు



మా ఇంట్లో ఏ పాట వినిపించినా అమ్మీ అడిగే మొదటి సవాల్ ఒకటే: "ఏ సిన్మాలోదే అది?" సినిమాలోది కాదంటే "నాత్‌నా, ఖవ్వాలీనా?" అంటుంది. అదీ కాదంటే ఇంకేం అడగాలో ఆమెకు తోచదు. కర్నూలులో పెరిగిన నాకూ అంతే. పాటంటే సినిమాహాలు నుంచి రావాలి, లేదంటే దర్గా నుంచి రావాలి. ఒక మనిషి తన కమరాలో కూర్చుని, ఏ హీరో కోసమూ కాకుండా, తన గమ్ తానే రాసుకుని పాడతాడన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటి పిల్లలు వాటిని ఇండీ సాంగ్స్ అంటున్నారు.

నాకు మొదట దొరికింది లక్కీ అలీ. 1996లో 'సునో' ఆల్బమ్‌తో వచ్చాడు. కామెడీ యాక్టర్ మెహమూద్ కొడుకు, అయినా గొంతులో సినిమా వాసన లేదు. 'ఓ సనమ్' వీడియోలో ఈజిప్టు ఎడారి కనిపిస్తుంది, ఆ ఆవాజ్‌లోనూ కాస్త ఇసుక ఉన్నట్టే ఉంటుంది. 2020 చివర్లో గోవాలో తెల్లగడ్డంతో గిటార్ పట్టుకుని అదే పాట పాడుతున్న చిన్న వీడియో అందరి ఫోన్లలో తిరిగింది కదా, అది అమ్మీకి చూపించాను. "మస్జిద్ కాడ కూర్చునే చాచా లెక్క ఉన్నాడే" అంది. ఆయనకు అంతకన్నా మంచి తారీఫ్ నేనెక్కడా వినలేదు.

కానీ మా ఇంటిని నిజంగా కదిలించింది ఆరూజ్ ఆఫ్తాబ్. లాహోర్‌లో పెరిగి న్యూయార్క్‌లో స్థిరపడిన గాయని. 2021లో 'వల్చర్ ప్రిన్స్' అనే ఆల్బమ్ చేసింది, అది చనిపోయిన తన తమ్ముడికి అంకితం. అందులో 'మొహబ్బత్' అనే పాటకు 2022లో గ్రామీ వచ్చింది. పాకిస్తానీ కళాకారులకు అదే మొదటి గ్రామీ. పాట ఏడు నిమిషాలకు పైనే ఉంటుంది. తబలా దడదడ లేదు, తాన్‌ల ఆర్భాటం లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక వచ్చే నెమ్మది ఉంటుందే, ఆ నెమ్మది. కలామ్ మాత్రం కొత్తది కాదు, హఫీజ్ హోషియార్‌పురీ గజల్. మెహదీ హసన్ పాడగా లోకమంతా విన్నదే.

ఒకరోజు వంటింట్లో ఫోన్‌లో అది పెట్టుకుని ఉల్లిగడ్డలు కోస్తుంటే అమ్మీ వచ్చి నిలబడింది. ఈసారి ఏ సినిమా అని అడగలేదు. "ఇది మీ మామూ క్యాసెట్‌లోది" అంది.

అమ్మీ మాయకా కడప. పెద్ద దర్గా అమీన్ పీర్ ఉర్సుకు జరిగే ముషాయిరాలో గజళ్లు వింటూ పెరిగిన ఇల్లు వాళ్లది. ఆ ముషాయిరా చిన్నదేం కాదు, 2024లో జరిగింది 80వది. ఏఆర్ రెహమాన్‌కు ఇచ్చిన మాట ప్రకారం ఆ ఏడు రామ్ చరణ్ కూడా వచ్చాడు. (షాయర్ల వైపు ఎందరు చూశారో అల్లాకే తెలియాలి!) అమ్మీ తమ్ముడు, మా చిన్న మామూ, కడప జిల్లాలో ఎందరో పోయినట్టే కువైట్ పోయాడు. 1990ల్లో ఆయన ఉత్తరాలు రాసేవాడు కాదు, క్యాసెట్లు పంపేవాడు. ఒకవైపు తన మాటలు, రెండోవైపు అక్కడ దొరికిన గజళ్లు. ఆయన ఇంతెఖాల్ కూడా అక్కడే అయింది, జనాజా అక్కడే. అమ్మీ ముఖం చూడలేదు, మట్టి వేయలేదు. ఆమె దగ్గర మిగిలింది ఆ క్యాసెట్లే.

ఆరూజ్ పాట నేను ఎన్నోసార్లు విన్నాను గానీ, అది తమ్ముడి కోసం చేసిన ఆల్బమ్‌లోదని అమ్మీకి చెప్పిన రోజే నాకు దాని వజన్ తెలిసింది. "పాపం, ఆ పిల్లకూ తమ్ముడేనా" అని దువా చేసింది.

ఇక కడపలో ఉన్న మా అక్క కూతురి సంగతి. కాలేజీ పిల్ల. ఫ్యాన్ ఆపి, తలుపుకు రజాయి వేలాడదీసి, ఫోన్‌లో పాటలు రికార్డు చేస్తుంది. పూర్తి ఉర్దూ కాదు, పూర్తి తెలుగూ కాదు. "నక్కో", "కైకూ" పక్కన "యాడికి", "ఏంది". మనం ఇంట్లో మాట్లాడేదే. కథల్లోకి మన ఇళ్ల జబాన్ ఎప్పుడో వచ్చింది, వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా దక్కింది. పాటలో వినడం మాత్రం నాకు కొత్త. అంతకుముందు హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్ 'మియా భాయ్' పాడితే, స్కూల్లో మన యాసకు నవ్వినవాళ్లే దాన్ని పెళ్లి బరాత్‌లలో పెట్టుకుని ఆడారు.

అబ్బాకు మాత్రం ఇదంతా నచ్చదు. ఆయనది జిద్ కాదు, ఆఖిరత్ భయం. సాజ్ లేని నాత్ అయితే కళ్లు మూసుకుని వింటారు. "ఆ మియా భాయ్ పిల్లోడే దీన్ కోసం పాటలు వదిలేసినాడు, తెలుసునా బేటీ?" అన్నారు మనవరాలితో. నిజమే, వదిలేస్తున్నానని అతనే చెప్పాడు. "ఆయన పాట వదిలేసినాడు నానా, మన మాట వదల్లేదు కదా" అంది ఇది. ఈ మసలాలో ఉలమాల మధ్యే ఇఖ్తిలాఫ్ ఉంది, ఫైసలా చెప్పే ఇల్మ్ నాకు లేదు. కాకపోతే అబ్బా భయాన్ని పాతకాలం అని కొట్టిపారేసేవాళ్లన్నా నాకు కోపమే.

మొన్న ఆ పిల్ల ఇంకో పేచీ తెచ్చింది. పాత టేప్‌రికార్డర్ ముందు ఫోన్ పెట్టి మామూ క్యాసెట్ ఎక్కించుకుంది. ఆయన గొంతును తన కొత్త పాట మధ్యలో పెడతానంటుంది. "మయ్యత్ ఆవాజ్‌కు బాజానా!" అని అబ్బా లేచిపోయారు. అక్క ఏడ్చింది. రెండు రోజులు ఫోన్లు లేవు.

మూడోరోజు అమ్మీ తనే కడపకు ఫోన్ చేసింది. "వాడు మాట్లాడేటప్పుడు సాజ్ ఏదీ ఉండగూడదు. వట్టి ఖామోషీ. ఒప్పుకుంటావా?" అనడిగింది. పిల్ల ఒప్పుకుంది.

నిన్న రాత్రి ఇషా తర్వాత పంపింది. గిటార్ మధ్యలో టక్కున ఆగిపోతుంది. కువైట్ గదిలో ఏసీ గుర్రుమంటున్న చప్పుడు. దాని మీద మామూ గొంతు: "ఆపా, పానీ పడ్యా క్యా ఉధర్? బుగ్గవంకలో నీళ్లొచ్చినాయా?" అంతే. కాసేపు ఏసీ చప్పుడే. తర్వాత పిల్ల గొంతు మెల్లగా అందుకుంటుంది.

అమ్మీ నాలుగుసార్లు విన్నది. నాలుగుసార్లూ ఆ ఖామోషీలో "పడింది రా, పడింది" అన్నది. పక్క కమరాలో అబ్బా తస్బీహ్ తిప్పుతున్నారు. తలుపు తెరిచే ఉంది. మూయమని అనలేదు.