చెట్టు కింద భోజనం

పిల్లలిద్దరూ క్రిస్మస్ సెలవులకి రావట్లేదని తెలిసిన రోజు రాత్రి మా వారు ఉన్నట్టుండి, "సిటీలో హోటల్ బుక్ చేశాను. రెండు రాత్రులు" అన్నారు.

నేను చపాతీ పిండి కలుపుతున్నాను. "ఏ సిటీ?" అన్నాను.

"షికాగోనే."

మాది నేపర్‌విల్. రైలెక్కితే గంటలోపు షికాగో డౌన్‌టౌన్‌లో దిగుతాం. ఇంట్లో నాలుగు బెడ్రూములు ఖాళీగా పెట్టుకుని, పక్కూళ్ళో డబ్బు పోసి పడుకోవడం ఏమిటండీ? రాజమండ్రిలో సొంతిల్లున్నవాళ్ళు కాకినాడలో లాడ్జి తీసుకుని పండగ చేసుకున్నట్టు! ఆ మాటే ఆయనతో అన్నాను. ఎప్పుడైనా అయితే నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. "ఈసారి ఇంట్లో ఉండలేనోయ్" అన్నారు.

ఇంక నేనేమీ మాట్లాడలేదు.

మా అత్తయ్య ఏప్రిల్‌లో పోయారు. పదకొండేళ్ళు మా దగ్గరే ఉన్నారావిడ. ఏడాది తిరగలేదు కాబట్టి వినాయక చవితి లేదు, దసరా లేదు, దీపావళికి గుమ్మం ముందు దీపం లేదు. మా వీధిలో మన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ వెలిగిపోతుంటే మాది ఒక్కటే చీకటిగా ఉంది. కింద గదిలో ఆవిడ వాకర్ ఇంకా ఆ మూలే ఉంది. తీసేద్దామని నేనూ అనను, ఆయనా అనరు. ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇద్దరం కాస్త తొందరగా నడుస్తాం. అదీ ఒకరు చూడకుండా ఒకరం.

సరే, బయల్దేరాం. బ్యాగులో పులిహోర డబ్బా, చేగోడీలు, చిన్న సీసాలో ఆవకాయ, ఇంకో బుల్లి సీసాలో కారప్పొడి సర్దాను. మా వారు జిప్ వేస్తూ చూసి, "మనం వెళ్ళేది కాశీ యాత్రకి కాదు, హోటల్‌కి" అన్నారు. మీరు చెప్పండి, కారప్పొడి లేకుండా మీరెవరైనా గడప దాటుతారా?

మేం దిగిన హోటల్ పామర్ హౌస్. దాని కథ విన్నాక నాకు డబ్బు గురించిన బాధ కొంచెం తగ్గింది. పాటర్ పామర్ అనే పెద్ద వ్యాపారి తన పెళ్ళికానుకగా భార్య బెర్తాకి ఈ హోటల్ కట్టించి ఇచ్చాడట. 1871లో తెరిచారు. తెరిచిన పదమూడు రోజులకే షికాగో ఊరుకి ఊరే తగలబడిన ఆ పెద్ద అగ్నిప్రమాదంలో ఇదీ కాలిపోయింది. ఆయన ఊరుకోలేదు, మళ్ళీ కట్టించాడు. ఇప్పుడున్న భవనం ఇంకా తర్వాతది, 1920ల నాటిది. లాబీలో తలెత్తితే కప్పు నిండా గ్రీకు దేవతల బొమ్మలు. "మీరు నాకు పెళ్ళికానుకగా ఏమిచ్చారు?" అని అడిగాను. "ప్రెషర్ కుక్కర్. ఇంకా పనిచేస్తోంది, కాలిపోలేదు కూడా" అన్నారు మా వారు. చాలా రోజుల తర్వాత ఆయన నోట విన్న మొదటి జోకు అది.

మొదటి రోజు రాత్రి ఒక రెస్టారెంట్‌కి తీసుకెళ్ళారు. పేరు చెప్పనులెండి. దీపాలు ఎంత మసకగా పెట్టారంటే మెనూ చదవడానికి ఫోన్ వెలిగించాల్సి వచ్చింది. "నువ్వేం తింటావో నువ్వే చెప్పు" అన్నారాయన. నేను అలవాటు ప్రకారం, "మీరేం తీసుకుంటే అందులో కాస్త నేనూ తింటాను" అన్నాను.

"కాదు, నీకేం ఇష్టం?"

నవ్వకండి, నాకు జవాబు తట్టలేదు. అమ్మాయికి పాస్తా అంటే ఇష్టం. అబ్బాయికి ఏదైనా సరే, చీజ్ ఉండాలి. అత్తయ్యకి పన్నుతో పని లేని మెత్తటివి కావాలి. మా వారికి అన్నం ఉంటే చాలు. ఇంతమందివి వేళ్ళ మీద చెప్తాను. నా దగ్గరికొచ్చేసరికి ఏమీ లేదు. హోటళ్ళలో నేనెప్పుడూ పిల్లలు వదిలేసినవి తిన్నదాన్నే కదా! సిగ్గేసి, చేతికందిన పేరు మీద వేలు పెట్టాను. పెద్ద పళ్ళెంలో, మధ్యలో, కాల్చిన కాలీఫ్లవర్ చెక్క ఒక్కటి వచ్చింది. ముప్పై రెండు డాలర్లు. గదికి వచ్చి ఇద్దరం మంచం మీద పేపరు పరుచుకుని పులిహోర తిన్నాం. అప్పుడు ఆయన కాశీ యాత్ర మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న అలవాటుగా ఐదున్నరకే లేచాను. మంచం సర్దాను. కాఫీ తాగిన కప్పులు కడిగి బోర్లించాను. ఆయన లేచి చూసి, "దానికి మనుషులున్నారు ఇక్కడ" అన్నారు. "వాళ్ళూ ఆడవాళ్ళే కదండీ" అన్నాను. కానీ ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక కిటికీ దగ్గర కూర్చున్నాను. మామూలుగా ఆ టైముకి అత్తయ్య మందుల డబ్బా, వేడినీళ్ళు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఎనిమిది నెలలైనా ఐదున్నరకి కళ్ళు వాటంతటవే తెరుచుకుంటున్నాయి.

తొమ్మిదికి కిందకి దిగాం. హోటల్ నుంచి రెండు వీధులు నడిస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. దాని మెట్ల దగ్గర రెండు కంచు సింహాలుంటాయి. ఈ సీజన్‌లో వాటి మెడల్లో పెద్ద పెద్ద ఆకుల దండలు వేస్తారు, అచ్చం విజయదశమికి మనం స్కూటర్లకి వేసినట్టే. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. అదే ఏడు, అదే ఊళ్ళో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి బెర్తా పామర్ ఆడవాళ్ళ బోర్డుకి అధ్యక్షురాలు. ఆడవాళ్ళు డబ్బాలో పట్టుకెళ్ళి చేతులు అంటుకోకుండా తినే తీపి ఏదైనా చెయ్యమని తన హోటల్ వంటవాడిని ఆవిడ అడిగితే అతను చేసిందే ఇవాళ్టి బ్రౌనీ అని పామర్ హౌస్ వాళ్ళు చెప్పుకుంటారు. ఆ బ్రౌనీ ఇప్పటికీ అక్కడ దొరుకుతుంది. మేమూ తిన్నాం. పైన ఆప్రికాట్ పూత ఉంటుంది.

అక్కడి నుంచి డేలీ ప్లాజాలో జర్మన్ క్రిస్మస్ బజారుకి వెళ్ళాం. పికాసో చేసిన పెద్ద ఇనుప బొమ్మ ఉంటుంది చూడండి, దాని చుట్టూ చెక్క కొట్లు, గాజు బొమ్మలు, వేయించిన బాదం పప్పుల వాసన. బంగాళాదుంప అట్లు వేడివేడిగా వేసి, పక్కన ఆపిల్ గుజ్జు పెట్టి ఇచ్చారు. కారప్పొడి సీసా బయటికి తీశాను. మా వారు అటూ ఇటూ చూసి ప్లేటు ముందుకి జరిపారు. బూటు ఆకారంలో ఉన్న కప్పుల్లో హాట్ చాక్లెట్ తాగి, కప్పులు మనవే అంటే మురిసిపోయి బ్యాగులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనం వాల్‌నట్ రూమ్‌లో. స్టేట్ స్ట్రీట్‌లో ఇప్పుడు మేసీస్ అని ఉన్న కొట్టే ఒకప్పుడు మార్షల్ ఫీల్డ్స్. 2006లో పేరు మార్చినప్పుడు షికాగో వాళ్ళు ఎంత గొడవ చేశారో నాకు గుర్తుంది. ఆ కొట్టు ఏడో అంతస్తులో 1907 నుంచీ ఉన్న భోజనాల గది ఇది. క్రిస్మస్ సీజన్ వచ్చిందంటే గది మధ్యలో నలభై ఐదు అడుగుల క్రిస్మస్ చెట్టు పెడతారు. దాని చుట్టూ బల్లలు. తాతల కాలం నుంచీ ఏటేటా వచ్చే కుటుంబాలున్నాయట.

ఇక్కడ తినాల్సింది చికెన్ పాట్ పై. దాని వెనక కూడా ఒక ఆడమనిషి కథే ఉంది. 1890 ప్రాంతంలో ఈ కొట్టులో టోపీలు అమ్మే విభాగంలో హెరింగ్ అనే ఆవిడ పనిచేసేది. కొనడానికొచ్చిన ఆడవాళ్ళు ఆకలితో నీరసపడుతుంటే, తను ఇంటి నుంచి తెచ్చుకున్న పాట్ పై వాళ్ళకి పెట్టిందట. ఆ రుచి నలుగురి నోటా పడి, చివరికి కొట్టువాళ్ళు టీ రూమ్ తెరిచే దాకా వచ్చింది. ఇప్పటికీ మెనూలో అది మిసెస్ హెరింగ్ పాట్ పై అనే ఉంది. డబ్బాలో తెచ్చుకున్నది పక్కవాళ్ళకి పెట్టడం మనకి కొత్తా? మన పేరు మెనూ మీదకి ఎక్కలేదు, అంతే తేడా.

ఈసారి నాకేం కావాలో నేనే చెప్పాను. "మిసెస్ హెరింగ్‌ది."

మా పక్క బల్ల దగ్గర ఓ ముసలావిడ, కొడుకూ కోడలూ, ఇద్దరు మనవలు. రెక్కలు తగిలించుకున్న దేవకన్య వేషంలో ఒక అమ్మాయి బల్లబల్లకీ వచ్చి ఏం కోరుకుంటారని పిల్లల్ని అడుగుతోంది. ముసలావిడ తనూ కళ్ళు మూసుకుని ఏదో కోరుకుంది. అందరూ నవ్వారు.

నాకు ముద్ద గొంతులో ఆగిపోయింది.

అత్తయ్య ఒకసారి టీవీలో ఈ చెట్టు చూశారు. నాలుగేళ్ళ కిందటి మాట. "అమ్మాయ్, ఇది మన ఊళ్ళోదేనా? ఇంట్లోపల అంత చెట్టు ఎట్లా పెట్టారే?" అన్నారు. ఆవిడకి షికాగో కూడా మన ఊరే. "ఒకసారి చూపిస్తావా?" అని అడిగారు. అప్పటికి ఆవిడ వాకర్‌తో బాగానే నడుస్తున్నారు. నాకేమో ఆ రోజు చేతినిండా పని. చలి, మంచు, ఆవిడ బాత్రూమ్ ఇబ్బంది, అక్కడ ఆవిడ తినేదేముంటుంది అని అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "వచ్చే ఏడాది వెళ్దాం అత్తయ్యా" అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేనూ మళ్ళీ ఎత్తలేదు.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళు బాగా చూసుకున్నావని అందరూ అంటుంటే ఆ ఒక్క మాట లోపల గుచ్చుకుంటూనే ఉండేది. ఆ చెట్టు కింద కూర్చుని ఆయనకి చెప్పేశాను. కళ్ళెత్తి చూసే ధైర్యం లేక పళ్ళెంలోకి చూస్తూ చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోర్క్ పక్కన పెట్టి, "నన్ను కూడా అడిగింది" అన్నారు.

"ఎప్పుడు?"

"ఆ ఏడే. ఆదివారం కార్లో గుడి నుంచి వస్తుంటే. నేనూ అదే అన్నాను. వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా అని."

ఆయన మెడలో మఫ్లర్ తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఏప్రిల్‌లో అన్ని కార్యాలూ పూర్తయ్యేదాకా ఒక్క చుక్క కార్చని మనిషి, క్రిస్మస్ పాటలు మోగుతుంటే, నలుగురి మధ్యలో ఏడ్చారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పళ్ళాలు తియ్యడానికి వచ్చిన అమ్మాయి చూసి, ఏమీ అనకుండా నీళ్ళ గ్లాసులు నింపి వెళ్ళిపోయింది.

మా ఇద్దరిలో ఎవరి తప్పు తగ్గలేదు. ఆవిడ చెట్టు చూడకుండానే వెళ్ళిపోయారు, అది మారదు. కానీ ఆవిడ గది ముందు నుంచి ఆయనా ఎందుకు తొందరగా నడుస్తున్నారో ఇన్నాళ్ళూ నాకు తెలియదు. నా సంగతి ఆయనకీ తెలియదు.

కాసేపటికి పాట్ పై చల్లారిపోయింది. అయినా తిన్నాం. కూరలో కారం తీసేసి పైన పూరీ మూత వేసినట్టుంటుంది, కానీ బాగుంటుంది, మెత్తగా. అత్తయ్య తినగలిగేవారు.

రాత్రి గదికి వచ్చాక, మనకి రాత్రంటే వాళ్ళకి పొద్దున్న కదా, రాజమండ్రిలో మా అమ్మకి వీడియో కాల్ చేసి చెట్టు ఫోటోలు చూపించాను. డెబ్బై తొమ్మిదేళ్ళావిడ. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఏడో అంతస్తులో ఆ చెట్టుకి నీళ్ళెవరు పోస్తారే?" అంది. అది ఉత్తుత్తి చెట్టమ్మా అంటే, "మరి అంత డబ్బు పెట్టి ఉత్తుత్తి చెట్టు కింద భోజనం చేశారా!" అని ఆశ్చర్యపోయింది. మా వారు పక్క నుంచి ఫోన్ తీసుకుని, "మీరొచ్చి చూద్దురుగానీ అత్తయ్యగారూ" అన్నారు.

"నాకెందుకు బాబూ ఇప్పుడు, మోకాళ్ళు ఊరుకోవు. వచ్చే ఏడాది చూద్దాంలే."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పాస్‌పోర్ట్ ఎక్కడుందమ్మా? తీసి చూడు, డేట్ ఎప్పటిదాకా ఉందో" అన్నాను.

"ఇప్పుడా? పాలు పొయ్యి మీదున్నాయే."

"పొయ్యి కట్టేసి వెళ్ళి చూడు. మేం లైన్లోనే ఉంటాం."

విసుక్కుంటూనే లేచింది. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది.