ముస్లిం అయినా...

2002 జూలై 25, జుమ్మేరాత్. నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో టీవీ ముందు కూచున్నాం. ఢిల్లీలో ఏపీజే అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా ప్రమాణం చేస్తున్నారు. ఆ ఏడు వానల్లేవు. జూలై అంతా ఎండిపోయింది. చేన్లల్ల పనుల్లేక హోటల్లో జనం ఎక్కువే ఉన్నారు. ప్రమాణం అయిపోగానే పక్క బల్ల మీది పెద్దమనిషి లేచి వచ్చి మా చెయ్యి పట్టుకొని ఊపాడు.

"ముబారక్ సాబ్! మీవోడు రాష్ట్రపతి అయిండు. ఇగ మీకేం తక్కువ?"

ఆయన మనసులో విషం లేదు. చాయ్ పైసలు కూడా ఆయనే ఇచ్చాడు. మేమూ నవ్వాం. ఇంటికి పోతుంటే దారిలో ఇంకో ఇద్దరు అదే మాట. మా ఇంట్లో పెళ్లి కుదిరినట్టు, మా పిల్లగానికి నౌకరీ వచ్చినట్టు.

ఇంటికి చేరాక గాని మాకు తట్టలేదు. అయిదు నెలల కిందట ఇదే మనుషులు, ఇదే హోటలు. ఫిబ్రవరి 27న గోధ్రాలో రైలు పెట్టె కాలి 59 మంది చనిపోయినప్పుడు "ఏంది సాబ్, మీవోళ్లు గిట్ల చేసిండ్రు?" అని మమ్మల్ని అడిగారు. ఆ మర్నాటి నుంచి గుజరాత్ అంతా తగలబడింది. 790 మంది ముస్లింలు, 254 మంది హిందువులు చనిపోయారని ప్రభుత్వమే తర్వాత 2005లో పార్లమెంటుకు చెప్పింది. ఆ రోజుల్లో "అయ్యో, మీవోళ్లు చచ్చిపోయిండ్రట గదా" అని మా గుమ్మంలోకి వచ్చినవాళ్లు లేరు. నేరం చేసినవాడు మావాడే. రాష్ట్రపతీ మావాడే. చచ్చిపోయినవాళ్లు మాత్రం ఎవరివాళ్లూ కారు!

మర్నాడు జుమ్మా. నమాజు అయ్యాక మస్జిదు మెట్ల మీద ఇదే చర్చ. సంతోషం లేదని అబద్ధమెందుకు? ఉంది. రామేశ్వరంలో పడవ నడిపే ఇంట పుట్టి, చిన్ననాడు పేపర్లు పంచిన పిల్లవాడు రాష్ట్రపతి భవన్‌కి పోయాడు. పైగా ఆయన హైదరాబాద్‌కి కొత్తవాడు కాదు. 1982 నుంచి అక్కడి రక్షణ పరిశోధన ప్రయోగశాలకు డైరెక్టరు. క్షిపణుల కోసం తయారుచేసిన తేలిక పదార్థంతో పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేయించినవాడు. కిలోల బరువు మోసే పిల్లల కాళ్లకు అది కొన్ని వందల గ్రాములకు తగ్గింది. క్షిపణి కన్నా ఆ పట్టీలే గొప్పవని మా ఆడవాళ్లు అన్నారు.

కాని మాలో పడుచువాళ్లు ఊరుకోలేదు. "గుజరాత్ మరక కడుక్కోవడానికి వీళ్లకో ముస్లిం కావాల్సి వచ్చిండు" అన్నారు. ఆ ఎన్నికలో కలాంకు 9,22,884 ఓట్ల విలువ వచ్చింది. వామపక్షాల తరఫున నిలబడ్డ కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌కు 1,07,366. సుభాష్ చంద్రబోస్ సైన్యంలో ఝాన్సీరాణి దళాన్ని నడిపిన ఆ ముసలమ్మ గెలవాలని కోరుకున్నవాళ్లు మాలో ఉన్నారు. ఆ మాట బయట అనలేదు. అంటే "మీవోణ్నే మీరు వద్దంటరా?" అని అడుగుతారు. మా ఓటూ మా ఇష్టమూ మా పేర్లను చూసి ముందే ఎవరో రాసిపెట్టేశారు.

మా పెద్ద చాచా మాత్రం ఏమీ అనలేదు. ఆయన 1948 చూసినవాడు. నారాయణఖేడ్ తాలూకా అప్పుడు బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో గాని మెదక్ జిల్లాలో కలవలేదు. పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండ ఎక్కువగా సాగిన జిల్లాల్లో బీదర్ ఒకటని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. చాచా కూడా తన నివేదికను లోపలే పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఒక్క మాటన్నాడు: "జాకీర్ హుస్సేన్ సాబ్ హైదరాబాద్‌లనే పుట్టిండు. ఆయన గద్దెనెక్కిన నాడు (1967) గూడ గిట్లనే ముబారక్ చెప్పిండ్రు. కుర్సీ ఎక్కినోన్ని చూడకుండ్రి. కుర్సీల ఎంత బలముందో చూడుండ్రి."

చూశాం. ఆగస్టు నెల అంతా అదే చూశాం.

ఆగస్టులో కలాం గుజరాత్ వెళ్లారు. ఈ సమయంలో అక్కడికి పోవడం అవసరమా అని ప్రధాని వాజ్‌పేయి అడిగారని, తన కర్తవ్యమని తాను జవాబిచ్చానని కలాం 2012లో వచ్చిన 'టర్నింగ్ పాయింట్స్' పుస్తకంలో రాశారు. మూడు సహాయ శిబిరాలు, దెబ్బతిన్న తొమ్మిది ప్రాంతాలు తిరిగారు. ఒకచోట ఆరేళ్ల పిల్లవాడు ఆయన రెండు చేతులూ పట్టుకొని తనకు అమ్మానాన్న కావాలన్నాడట. ఆయన దగ్గర జవాబు లేదు. ఏ రాష్ట్రపతి దగ్గర ఉంటుంది?

హోటల్లో అభిప్రాయాలు రెండుగా చీలాయి. "చూసిండ్రా, ముస్లిం అయినా ఎంత నిమ్మళంగ మాట్లాడిండు! ఎవన్ని ఒక్క మాటనలే" అని ఒక బల్ల. "పోయిండు సరే. పోయి ఏం చేసిండు?" అని మా బల్ల. రెండు బల్లలదీ ఒకటే తప్పు. ఆయన రాష్ట్రపతిగా వెళ్లారని రెండూ మరిచిపోయాయి. హత్యలు జరిగిన రాష్ట్రానికి దేశాధిపతి మొదట వెళ్లడం ఆ పదవి చెయ్యాల్సిన పని. సంజీవరెడ్డి ఉన్నా చెయ్యాల్సిందే, గిరి ఉన్నా చెయ్యాల్సిందే.

అదే నెల ఇంకో సంగతి జరిగింది. మా ఊళ్లో దాని మీద చర్చ జరగనే లేదు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు తమ మీది కేసులు, ఆస్తులు, చదువు చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2002 మే 2న తీర్పు చెప్పింది. పార్టీలన్నీ ఒకటై ఆ తీర్పును నీరుగార్చే ఆర్డినెన్సు తయారుచేశాయి. కలాం సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. ఒకసారి వెనక్కి పంపే హక్కు రాజ్యాంగం 74వ అధికరణంలో 1978 నాటి 44వ సవరణతో వచ్చింది. దాని వెనక ఎమర్జెన్సీ గాయం ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పెట్టిన సంతకం దేశానికి గుర్తుంది. మంత్రివర్గం ఒక్క అక్షరం మార్చకుండా ఆర్డినెన్సును మళ్లీ పంపింది. రెండోసారి పంపితే సంతకం పెట్టక తప్పదు. ఆగస్టు 24న కలాం పెట్టారు. చివరికి ఆ చట్టంలోని ఆ సెక్షన్‌ను 2003 మార్చిలో సుప్రీంకోర్టే కొట్టేసింది.

ఒక కొత్త రాష్ట్రపతిని తొలి నెలలో తూకం వెయ్యాలంటే తూకపు రాయి ఇదీ. వెనక్కి పంపడం మంచిదా? రెండోసారి కూడా కొన్నాళ్లు ఆపి ఉండవచ్చా? పౌరులు మాట్లాడుకోవాల్సిన మాటలివి. మా హోటల్లో మాట్లాడుకున్నదేమిటి? ఆయన గీత చదువుతాడని, వీణ వాయిస్తాడని, మాంసం ముట్టడని.

సెక్యులర్ మిత్రులారా, మిమ్మల్నీ అడగాలి. కలాం గీత చదివితే మీరు సెక్యులర్ అన్నారు. మేము ఖురాన్ చదివితే మతం అంటారెందుకు? ఆయన మాంసం తినకపోవడం ఆయన ఇష్టం. అది దేశభక్తికి కొలమానం ఎట్లా అయింది? 1977లో సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మా ఊరి పటేళ్ల ఇళ్లకు పోయి ఎవరూ ముబారక్ చెప్పలేదు. "రెడ్డి అయినా బాగా చేస్తున్నాడు" అని ఎవరూ అనలేదు.

ఆ నవంబరులో రంజాన్ వచ్చింది. కలాం రాష్ట్రపతి భవన్‌లో ఇఫ్తార్ విందు మానేసి ఆ సొమ్ముతో అనాథాశ్రమాలకు తిండీ బట్టలూ పంపించారు. మా అమ్మీ విని "అల్లా కబూల్ చెయ్యనీ" అంది. యతీముల కడుపు నింపడం కన్నా పెద్ద ఇఫ్తార్ ఏముంది? కాని హోటల్లో అదే సంగతి ఇంకోలా వినబడింది: "ఇఫ్తార్ గూడ బంద్ పెట్టిండు. గట్ల ఉండాలె ముస్లిం అంటే." ఆయన ఇచ్చింది చూడలేదు, మానేసింది చూశారు. ఒక ముస్లిం ఎంత తగ్గితే అంత మంచివాడు!

తర్వాత అది బడిదాకా వచ్చింది. ఒక బడిలో మా పిల్లవాడికి వెండి జుట్టు విగ్గు పెట్టి కలాం వేషం వేయించారు. చప్పట్లు మోగాయి. వేషం విప్పాక పంతులుగారు ప్రేమగానే వాడి వీపు తట్టి "మీవోళ్లంత గిట్ల కలాం లెక్క ఉంటే లొల్లే ఉండదు గదరా" అన్నారు. పిల్లవాడు ఇంటికొచ్చి "అబ్బా, మనం ఇప్పుడెట్ల ఉన్నం?" అని అడిగాడు. ఏం చెప్పాలి? వాడి అబ్బా లారీ డ్రైవరు. చాచా దసరా తర్వాత కూలీలతో కలిసి చెరుకు కొట్టడానికి పోతాడు. నానీ బీడీలు చుడుతుంది. ఎవరూ రాకెట్లు చెయ్యలేదు. ఎవరూ బాంబులూ చెయ్యలేదు. ఆ రెంటి మధ్యనున్న మామూలు ముస్లింకు ఈ దేశం కళ్లలో చోటేది?

నేరమంతా బయటివాళ్ల మీద తోస్తే అది అబద్ధమే అవుతుంది. మేమూ ఆయన్ని కొలిచాం. "అయిదు పూటలు నమాజు చదువుతడా? వీణ ఏంది? పేరుకే ముస్లిం" అని మస్జిదు మెట్ల మీదే అన్నాం. ఒక బల్ల ఆయనలో ముస్లిం తక్కువున్నాడని మెచ్చుకుంది. మా మెట్లు ఆయనలో ముస్లిం తక్కువున్నాడని తిట్టాయి. తక్కెడ ఒకటే, పట్టుకున్న చేతులు వేరు. ఉర్దూ రాని దూదేకుల అన్నల్ని "మీరు అసలు ముస్లింలేనా?" అని మేము ఎన్నిసార్లు అడగలేదు? పిల్లనివ్వమంటే ఎన్నిసార్లు ముఖం తిప్పుకోలేదు? "అయినా" అనే ముల్లు మా నాలుక కిందా ఉంది.

కలాం 2007 జూలైలో పదవి దిగారు. 2015 జూలై 27న షిల్లాంగ్‌లో కన్నుమూశారు. ఆ వార్త విని మేము నిజంగా ఏడ్చాం. ఆ తర్వాతి నెలలో ఢిల్లీలో ఔరంగజేబు రోడ్డు పేరు తీసేసి కలాం పేరు పెట్టారు. అప్పటి కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి ఆ మార్పును సమర్థిస్తూ, ముస్లిం అయినప్పటికీ కలాం గొప్ప జాతీయవాది అన్నారు. పదమూడేళ్ల కిందట మా హోటల్లో విన్న మాట. రాష్ట్రపతి భవన్‌లో అయిదేళ్లు ఉన్నవాడి పేరు ముందు నుంచే "అయినా" పోలేదు. మా పేర్ల ముందు నుంచి ఎట్లా పోతుంది?

2022 జూలై 25న మళ్లీ అదే హోటల్లో కూచున్నాం. మెదక్ పోయి సంగారెడ్డి జిల్లా అయింది. టీవీ పెద్దదైంది. ఢిల్లీలో ద్రౌపది ముర్ము ప్రమాణం చేస్తున్నారు. పక్క తండా నుంచి వచ్చిన మా దోస్తు ఒకడు చాయ్ తాగుతున్నాడు. ఎవరో వాడి భుజం మీద చెయ్యి వేసి "ఇగ మీ రాజ్యమే గదనే!" అన్నారు. ఆవిడ సంతాలు, వీడు లంబాడా. భాష వేరు, రాష్ట్రం వేరు. వాడు నవ్వి మావైపు చూశాడు. ఆ నవ్వు మాకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట మేము నవ్విన నవ్వే.

మా నోటి దాకా కూడా ముబారక్ వచ్చింది. ఆపుకున్నాం.

"ఈ వానలకు కంది నిలిచిందా భాయ్?" అని అడిగాం.

"సగం పోయింది సాబ్" అని బల్ల మీదికి వంగి చెప్పడం మొదలుపెట్టాడు.