ఒడ్డుకు రాకు, పక్కకి రా

మాది హసన్‌పర్తి. ఊరికి చెరువుంది, పక్కనే ఎర్రగట్టు గుట్ట ఉంది. సముద్రం చూడాలంటే మాత్రం రాత్రి రైలెక్కాల్సిందే. ఎండాకాలం సెలవుల్లో ఆరేళ్ల బిడ్డ పోరు పడలేక కాజీపేటలో బండెక్కాం. విజయవాడ, తెనాలి దాటి తెల్లవారేసరికి బాపట్లలో దిగాం. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటోలో పోతే సూర్యలంక.

నాకు ఈత వచ్చు. చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టి మా బాపు బావిలోకి దింపిన నాటి నుంచి నీళ్లంటే భయం లేదు. ఆ ధైర్యమే నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చింది.

కెరటాలు విరిగే చోట పిల్ల పడిపోతుందని నీళ్లు నిమ్మళంగా ఉన్న చోటు వెతికాను. అటూ ఇటూ తెల్లటి నురగ. మధ్యలో కాస్త ముదురు రంగు నీళ్లు, అల లేదు. చెరువైతే దిగడానికి అదే మంచి చోటు. "ఈడ దిగుదాం బిడ్డా" అన్నాను.

మూడేళ్ల చిన్నోణ్ణి వాళ్లమ్మ ఇసుకలో ఆడిస్తోంది. మేమిద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డాం. నీళ్లు నాకు మోకాలి దాకా, ఆమెకు నడుము దాకా ఉన్నాయి. ఒక్కసారిగా కాళ్ల కింద ఇసుక జారింది. చెయ్యి వదిలిపోయింది. ఆమె ఎర్ర గౌను రెండు బారల దూరంలో కనబడింది, కన్ను మూసి తెరిచేసరికి నాలుగు బారలు. దూకి పట్టుకున్నాను. వెనక్కి తిరిగితే ఒడ్డున నా భార్య వేలెడంత కనబడింది.

బిడ్డను ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో ఒడ్డు వైపే ఈదాను. ఎంత ఈదినా ఒడ్డు దగ్గర పడలేదు. రెక్కలు పడిపోయాయి. "బాపూ" అని ఒకసారి పిలిచింది. ఆ తర్వాత ఆమె గొంతు వినబడలేదు.

అప్పుడు ఒడ్డు మీద ఒక జాలరి పరుగెత్తుకొస్తూ అరిచాడు: "ఒడ్డుకు రాకు! పక్కకి రా! పక్కకి!" ఎందుకో అర్థం కాలేదు. ఎదురీదే బలం లేక, ఆయన చెయ్యి చూపిన వైపు అడ్డంగా మళ్లాను. కొన్ని బారలు వేసేసరికి లాగుడు ఆగింది. అలలే మమ్మల్ని ఒడ్డుకు తోశాయి. ఆయన మెడలోతుకు వచ్చి బిడ్డను అందుకున్నాడు.

నీళ్లు కక్కి ఏడ్చింది. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం రావచ్చని డాక్టరు ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచారు. తెల్లవార్లూ ఆమె ఛాతీ లేచి పడడం చూస్తూ కూర్చున్నాను. నా భార్య నన్ను ఒక్క మాటా అనలేదు.

మర్నాడు దండం పెట్టడానికి పోతే ఆ జాలరి విడమరిచి చెప్పాడు. అలలు తెచ్చిన నీళ్లు వెనక్కి పోవడానికి ఒక సందు చూసుకుంటాయి. అక్కడ ఇసుక కోసుకుపోయి లోతు ఎక్కువ, అందుకే అల విరగదు. ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురీదితే అలసి మునుగుతాడు. ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదితే ఆ సన్నని పాయ దాటవచ్చు. బలం లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. అలల ఎత్తు ఎంత ఉంటుందో, ఎప్పుడు ప్రమాదమో రోజూ చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. బయల్దేరే ముందు రైలు టైమే చూసుకున్నాను, సముద్రం సంగతి చూసుకోలేదు.

సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది: "బాపూ, ఈ నీళ్లు గుంజుతయా?"

మునుపైతే లేదనేవాణ్ణి. "తెల్వదు బిడ్డా, అడిగి దిగుదాం" అని, కట్ట మీద కూర్చున్న చేపలు పట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను.