తామ్రపర్ణి తరిమితే కరిసల్ కాటికి

విరుదునగర్‌లో బండెక్కి కోవిల్‌పట్టికి వస్తుంటే సాత్తూరు దగ్గర వైప్పారు కనిపిస్తుంది. ఏరనే పేరే గానీ చాలా నెలలు ఇసుకే. అది దాటితే అంతా మన కరిసల్ కాడు: నల్లరేగడి, సీమకరువేలం, అక్కడక్కడా పత్తి. వాన మోసం చేసిన ఏళ్లలోనే గదా మన పెద్దోళ్లు సేద్యం వదిలి మిల్లులకీ తీపెట్టి ఆఫీసులకీ వచ్చింది.

అంతకుముందు తెలుగునాటి నుంచి ఈ మెట్టకు ఎట్లా వచ్చామో ఇడైసెవల్ కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’లో రాశాడు. వాళ్లను తరిమింది రాజభయం. ఇప్పుడు తరిమేది నీళ్లు.

2023 డిసెంబరు 17, 18 తేదీలు గుర్తున్నాయా? కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో సుమారు 95 సెంటీమీటర్లు కురిసింది. విరుదునగర్ జిల్లాకు ఏడాదంతా అంత వాన ఉండదు. తామ్రపర్ణి పొంగింది, శ్రీవైకుంఠంలో రైలు వందల మందితో నిలిచిపోయింది. సముద్రం వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తేమ మోస్తుంది, కురిస్తే ఇట్లా ఒక్కసారే కుమ్మరిస్తుంది.

తూత్తుకుడి పక్క ఉప్పళంలో పనిచేసే మా పిన్నమ్మ కూతురు అప్పుడే పిల్లలతో మా వీధికి వచ్చింది. పల్లపు ఇల్లు, గోడ కూలింది. ఇప్పుడు తీపెట్టి ఆఫీసులో పని. కోవిల్‌పట్టి కొళాయిలో వచ్చేదీ సీవలప్పేరి దగ్గర తోడిన తామ్రపర్ణి నీళ్లే. “ఇల్లు ముంచిన ఏటికోసరమే ఈడ బిందె పట్టుకుని నిలబడాల్సొచ్చె అన్నా,” అని నవ్వుతుంది.

తూత్తుకుడి తోణుల్లో కూరగాయలు పోయే మాల్దీవుల్లో సహజమైన నేల ఎక్కడా మూడు మీటర్ల ఎత్తు లేదు. మన మిల్లు గేటే దానికన్నా ఎత్తు! పసిఫిక్‌లోని తువాలు వాళ్లకు ఏడాదికి 280 మంది చొప్పున చోటిస్తామని ఆస్ట్రేలియా ఒప్పందం రాసుకుంది. తక్కువే, అయినా వాళ్లకు ఒక లెక్క ఉంది. జిల్లా కూడా దాటని మా చెల్లెలు ఏ లెక్కలో ఉంది? వరద సాయం ఒకసారి ఇస్తారు. ఊరు మారినదానికి ఏముంది?

ఉప్పు సీజను మొదలైతే తిరిగి పోదామంటాడు మొగుడు. ఆమె రానంటుంది. పెద్దపిల్లను ఇక్కడి బడిలో చేర్చింది, ఇంటి అడ్వాన్సు సగం కట్టింది. మిగతా సగం పొంగలు లోపల కట్టాలి.